కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనే ముందు ఓనర్ల దగ్గర అసలు సంగతి ఎలా రాబట్టాలి

"ఫలానా బండి తీసుకుందామనుకుంటున్నాం, ఎలా ఉంటుందంటారు?" నాకు అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఆ బండి ఉన్నవాళ్లను అడగండి అని చెబుతాను. వారం తర్వాత మళ్లీ మెసేజ్ వస్తుంది: "నలుగురిని అడిగాను. ముగ్గురు సూపర్ అన్నారు, ఒకాయన అస్సలు తీసుకోవద్దన్నాడు. ఇప్పుడేం చేయాలి?"

ఇక్కడ తప్పు ఓనర్లది కాదు, ప్రశ్నది. ఎలా ఉందని అడిగితే అభిప్రాయం వస్తుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. పది లక్షలు పోసి, ఐదేళ్లు ఈఎంఐ కట్టే మనిషి తన బండి బాగాలేదని అంత తేలిగ్గా అనడు. అన్నాడంటే సర్వీస్ సెంటర్‌తో గొడవపడి వచ్చిన రోజై ఉంటుంది. రెండూ మీకు పనికిరావు. మీకు కావాల్సినవి అతని బిల్లులు, అతని పెట్రోల్ లెక్క, అతని వెనక సీటు. వాటిని ఎలా సంపాదించాలో కింద చెబుతున్నాను.

ఏమేం కావాలి

- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ ఒక్కో ఓనర్‌కి ఒక్కో పేజీ ఉండాలి.
- కొలత టేపు.
- టైర్లలో గాలి చూసే చిన్న గేజ్. లేకపోయినా పని నడుస్తుంది.
- మీరు ఊరెళ్లేటప్పుడు నిజంగా పట్టుకెళ్లే సూట్‌కేసులు.
- మీ ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషి ఒకరు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఒకరు. వీళ్ల తీర్పు మీ తీర్పు కన్నా ముఖ్యం.
- కనీసం నలుగురు ఓనర్లు. కొత్తగా కొన్నవాళ్లు ఒకరు, రెండు మూడేళ్లుగా నడుపుతున్నవాళ్లు ఇద్దరు, 50,000 కిలోమీటర్లు దాటినవాళ్లు ఒకరు. కొని అమ్మేసినవాళ్లు దొరికితే వదలకండి.
- రెండు మూడు వారాల ఓపిక. పండగ ఆఫర్ ఈ ఆదివారంతో అయిపోతుందని సేల్స్ కుర్రాడు అంటాడు. వచ్చే నెల ఇంకో ఆఫర్ ఉంటుంది.

1. ముందు మీ వాడకం రాసుకోండి

ఎవరినీ అడగకముందే ఈ ఐదు రాయండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, అందులో సిటీ ట్రాఫిక్ ఎంత, నెలకు ఎన్నిసార్లు హైవే, మామూలుగా ఎంతమంది ఎక్కుతారు, బండి ఎన్నేళ్లు ఉంచుకుంటారు.

ఇది రాయకుండా వెళితే ఎదుటివాడి అవసరాలు మీ అవసరాలైపోతాయి. రోజూ 90 కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాడు డీజిల్‌ను మెచ్చుకుంటాడు. ఆయన మాట ఆయనకు నిజం. రోజుకు ఆరు కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లి వచ్చే మీకు అదే డీజిల్ తలనొప్పి. ఇప్పటి కాలుష్య నిబంధనల (బీఎస్6) ప్రకారం తయారైన డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేడిగా నడవాలి. ఎప్పుడూ చిన్న చిన్న దూరాలే తిరిగితే మసి పేరుకుని మీటర్లో లైటు వెలుగుతుంది.

2. 'అదే బండి' అంటే ఏమిటో తేల్చుకోండి

పేరు ఒకటైనంత మాత్రాన బండి ఒకటి కాదు. ఒకే మోడల్‌లో మామూలు పెట్రోల్, టర్బో పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ ఉంటాయి. గేర్‌బాక్సుల్లో మాన్యువల్ ఒకటి, ఆటోమేటిక్‌లో మళ్లీ నాలుగు రకాలు: ఏఎంటీ, సీవీటీ, డీసీటీ, టార్క్ కన్వర్టర్. వీటిలో ఒకటి మారినా నడిపే అనుభవం వేరు, మైలేజీ వేరు, రిపేరు ఖర్చు వేరు.

అందుకే పేజీ పైన ముందుగా ఇవి రాయండి: తయారైన సంవత్సరం, ఇంజన్, గేర్‌బాక్సు, వేరియంట్, తిరిగిన కిలోమీటర్లు. మీరు కొనబోయే దానితో ఇంజన్, గేర్‌బాక్సు కలవకపోతే ఆ ఓనర్‌ను సీట్లు, డిక్కీ, సస్పెన్షన్ గురించి మాత్రమే అడగండి. మైలేజీ, పికప్ మాటలు రాసుకోవద్దు.

సంవత్సరం కూడా ముఖ్యమే. 2023 ఏప్రిల్‌లో ఉద్గారాల నిబంధనలు మరింత కఠినమయ్యాయి, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు తగ్గట్టు బండ్లు మార్చారు. అంతకు ముందు కొన్నవాడి లెక్క మీ లెక్క కాకపోవచ్చు.

మన దగ్గర ఈ బండ్ల కొలతలు అన్నీ ఒక్కలాగే ఎందుకుంటాయో కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ మించకూడదు. అప్పుడే చిన్న కారు పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతం జీఎస్టీ. అందుకే చాలా బండ్లు 3,990 మిల్లీమీటర్ల చుట్టూ ఆగిపోతాయి. ముందు నుంచి చూస్తే పెద్ద బండిలా కనిపించినా లోపలి చోటు హ్యాచ్‌బ్యాక్‌కు అన్నయ్య వరసే. ఎస్‌యూవీ అనే మాట విని ఏడుగురిని ఊహించుకోవద్దు.

3. సరైన ఓనర్లను పట్టుకోండి

బంధువులు, ఆఫీసు పార్కింగ్, అపార్ట్‌మెంట్ సెల్లార్. ఇంతకన్నా మంచి చోటు సర్వీస్ సెంటర్‌లో కస్టమర్లు కూర్చునే గది. అక్కడ మనిషి ఖాళీగా ఉంటాడు, చేతిలో బిల్లు ఉంటుంది, మాట్లాడటానికి ఎవరైనా దొరికితే బాగుండని చూస్తుంటాడు. శనివారం పొద్దున ఒక గంట కూర్చుంటే ఇద్దరు ముగ్గురు దొరుకుతారు.

పసుపు నంబర్ ప్లేటు మీద అదే బండి తిరుగుతుంటే ఆ డ్రైవర్‌తో తప్పకుండా మాట్లాడండి. మీరు ఐదేళ్లలో తిరిగే దూరం అతను ఒకటిన్నర ఏడాదిలో తిరిగేసి ఉంటాడు. క్లచ్ ప్లేటు ఎప్పుడు పోయింది, ముందు సస్పెన్షన్‌లో ఏ బుష్షు మార్చాడు, నోటికి వచ్చేసి ఉంటాయి.

జాగ్రత్త: షోరూమ్ వాళ్లు "మా కస్టమర్‌తో మాట్లాడండి" అని ఇచ్చే నంబర్‌ను లెక్కలో వేయకండి. బాధలో ఉన్నవాడి నంబర్ ఎవరూ ఇవ్వరు.

4. అడిగే తీరు మార్చండి

అసలు పనంతా ఇక్కడే. సూత్రం చిన్నది: అభిప్రాయం అడగొద్దు, జరిగింది అడగండి. జవాబులో ఒక అంకె, ఒక తేదీ, లేదా ఒక సంఘటన రావాలి.

"మైలేజీ ఎంత ఇస్తుంది?" అనకండి. "పోయినసారి ఫుల్ ట్యాంక్ ఎప్పుడు కొట్టించారు? ఆ ట్యాంకులో ఎన్ని కిలోమీటర్లు తిరిగారు?" అనండి.

"సర్వీస్ బాగుందా?" అనకండి. "ఒకే ప్రాబ్లమ్‌కి రెండోసారి వెళ్లాల్సి వచ్చిందా?" అనండి. ఈ ఒక్క ప్రశ్నకు అరగంట కథలు విన్న రోజులున్నాయి.

"పికప్ ఎలా ఉంది?" అని కాదు. "ఐదుగురు ఎక్కి, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కారా? ఏ గేర్లో ఎక్కింది? ఏసీ ఆపాల్సి వచ్చిందా?" అని.

"గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత?" కంపెనీ చెప్పే అంకె చాలాసార్లు ఖాళీ బండిది. "ఫుల్ లోడ్‌లో స్పీడ్ బ్రేకర్‌కి ఎప్పుడైనా కింద తగిలిందా?" అని అడగండి.

ఆటోమేటిక్ ఓనర్లకు వేరే ప్రశ్నలు. ఏఎంటీ అయితే: "ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగితే వెనక్కి జారుతుందా? ఓవర్‌టేక్ చేసేటప్పుడు గేరు మారడానికి ఆలస్యం చేస్తుందా?" డీసీటీ అయితే: "గంటసేపు ఇంచులు ఇంచులుగా కదిలే ట్రాఫిక్‌లో మీటర్ మీద గేర్‌బాక్సు వేడి వార్నింగ్ ఎప్పుడైనా వచ్చిందా?" డ్రై క్లచ్ (నూనెలో మునగని క్లచ్) ఉన్న డీసీటీలు అలాంటి ట్రాఫిక్‌లో వేడెక్కుతాయి. సీవీటీ అయితే గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ గోల ఎక్కువై బండి నింపాదిగా కదలడం గురించి అడగండి. సీఎన్‌జీ అయితే డిక్కీలో ఎంత చోటు మిగిలింది, పంపు దగ్గర క్యూ ఎంతసేపు, మూడేళ్లకోసారి చేయించాల్సిన సిలిండర్ పరీక్ష చేయించారా.

చివర్లో ఈ రెండూ తప్పకుండా అడగండి. "ఈ బండిలో మీ ఇంట్లోవాళ్లు దేని గురించి ఎక్కువగా విసుక్కుంటారు?" తన బండిని తాను తిట్టని మనిషి కూడా భార్య తిట్టింది నవ్వుతూ చెప్పేస్తాడు. ఇంకొకటి: "ఇప్పుడు మళ్లీ కొనాలంటే ఇదే వేరియంట్ తీసుకుంటారా?" బండి తీసుకుంటారా అంటే అవునంటారు. వేరియంట్ అన్నప్పుడు "సన్‌రూఫ్ లేనిది తీసుకునేవాణ్ని, ఆ డబ్బుతో ఆటోమేటిక్ వచ్చేది" లాంటి నిజాలు బయటికొస్తాయి.

ఓనర్ మాట్లాడుతుంటే అడ్డుపడకండి. "అవునా, నేనూ విన్నాను" అని అందించారంటే ఇక ఆయన మీకు నచ్చే మాటలే చెబుతాడు. ఊరుకోండి. కాసేపటికి ఆయనే, "అంటే... ఒకటుందిలే" అని మొదలుపెడతాడు.

ఒక్క విషయం మాత్రం ఓనర్లను అడగొద్దు: భద్రత. "డోర్ వేస్తే ధడ్ మని వినపడుతుంది, స్ట్రాంగ్ బండి" లాంటివి పరీక్షలు కావు. క్రాష్ టెస్ట్ ఫలితం మీరే చూసుకోండి. 2018లో టాటా నెక్సాన్ గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసే క్రాష్ టెస్ట్‌లో 5 నక్షత్రాలు తెచ్చుకుంది, మన దేశపు కార్లలో అదే మొదటిది. తర్వాత 2022లో ఆ సంస్థ పరీక్షల్ని కఠినం చేసింది. 2023 అక్టోబర్ 1 నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ నడుస్తోంది. అంటే 5 నక్షత్రాలు అన్న మాట ఒక్కటే చాలదు. ఏ సంవత్సరం, ఏ పరీక్ష, పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని అన్నది చూడాలి.

5. మైలేజీని లెక్కగట్టి రాయండి

ఓనర్లు చెప్పే మైలేజీ నూటికి తొంభై పాళ్లు మీటర్ స్క్రీన్ మీద చూసింది. ఆ స్క్రీన్ చాలా బండ్లలో కొంచెం ఎక్కువే చూపిస్తుంది. పైగా మనిషి తనకు వచ్చిన అన్నిటికన్నా మంచి అంకె గుర్తుపెట్టుకుంటాడు. "22 ఇచ్చిందండీ" అంటే, ఒకసారి, హైవే మీద, వెనక గాలి ఉన్నప్పుడు అని అర్థం చేసుకోండి.

నిజం తెలియాలంటే ఒకే దారి, ట్యాంకు నుంచి ట్యాంకు. బాగా దగ్గరి ఓనర్ అయితే చేయమని అడగండి, మీరు కొన్నాక మీరూ చేయండి:

క. పంపులో ఆటో కట్ అయ్యేదాకా నింపించండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి.
ఖ. కనీసం 300 కిలోమీటర్లు మామూలుగా తిరగండి. 
గ. అదే పంపులో, వీలైతే అదే నాజిల్ దగ్గర, మళ్లీ ఆటో కట్ వరకు నింపించండి.
ఘ. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి.

512 కిలోమీటర్లు తిరిగాక 36.4 లీటర్లు పట్టిందనుకుందాం. అంటే లీటరుకు 14 చిల్లర. ఇలా మూడు ట్యాంకులు చేసి సగటు తీస్తేనే నమ్మండి.

జాగ్రత్త: ఆటో కట్ అయ్యాక "ఇంకో యాభై రూపాయలది కొట్టు" అని మెడదాకా నింపించొద్దు. లెక్క తప్పుతుంది. అంతకన్నా ముఖ్యం, పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి ద్రవం చేరి అది పాడవుతుంది.

కంపెనీ చెప్పే ఏఆర్ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) మైలేజీ అంకెతో పోల్చి టెన్షన్ పడకండి. ఆ పరీక్ష ప్రయోగశాలలో, రోలర్ల మీద, ఒక కట్టుబాటు ప్రకారం జరుగుతుంది. మీ ఊరి సిగ్నళ్లు అందులో ఉండవు. ఇథనాల్ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. ఒక లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం కలిపినప్పుడు మైలేజీ కొద్దిగా తగ్గడం మామూలే, దానికి మెకానిక్ ఏమీ చేయలేడు.

టర్బో పెట్రోల్ ఓనర్ల మధ్య తేడా ఎక్కువ కనిపిస్తుంది. ఒకే ఇంజన్ మీద ఒకాయనకు 17, ఇంకొకాయనకు 10. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. టర్బో మైలేజీ యాక్సిలరేటర్ తొక్కే కాలిని బట్టి ఉంటుంది. మీ కాలు ఎవరి కాలిలాంటిదో మీకే తెలుసు.

6. బిల్లులు చూపించమని అడగండి

మొహమాటపడకండి. "ఖర్చు లెక్క వేసుకుంటున్నాను, మీ సర్వీస్ బిల్లులు ఒకసారి చూడొచ్చా?" అంటే చాలామంది ఫోన్‌లో ఉన్నవి పంపేస్తారు.

వాటిని ఇలా చదవండి. మొదటి సర్వీసులకు లేబర్ ఉచితం అంటారు, కానీ ఆయిల్, ఫిల్టర్లు మీ డబ్బే. కాబట్టి లేబర్ సున్నా ఉన్న బిల్లు చూసి మోసపోకండి, ఉచిత సర్వీసులు అయిపోయాక వచ్చిన మొదటి బిల్లు చూడండి. అందులో 'ట్రీట్‌మెంట్', 'క్లీనింగ్', 'కోటింగ్' అని ఉన్న లైన్లు ఏరండి. ఇంజన్ ఫ్లషింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంటీరియర్ ఎన్‌రిచ్‌మెంట్ లాంటివి. కంపెనీ మెయింటెనెన్స్ పుస్తకంలో లేనివైతే అవి మీరు వద్దనగలిగినవి. అవి తీసేస్తే మిగిలేదే బండి అసలు ఖర్చు.

మూడేళ్లలో 42,000 కిలోమీటర్లు తిరిగి, ఆ ఖర్చు 31,500 రూపాయలైతే కిలోమీటరుకు 75 పైసలు. టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ ఇందులో కలపకండి, విడిగా రాయండి. ఇలా ఇద్దరు ముగ్గురి లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటే, మెయింటెనెన్స్ తక్కువ అనే మాటకు ఒక అంకె వస్తుంది.

వారంటీ కింద మార్చినవి విడిగా రాయండి. డబ్బు పడలేదు కాబట్టి ఓనర్ వాటిని మర్చిపోతాడు. కానీ మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ జాబితానే. వారంటీ అయిపోయాక అదే పార్టు పోతే ఖర్చు మీది. ఇద్దరు ఓనర్ల దగ్గర ఒకే పార్టు కనిపిస్తే పొడిగించిన వారంటీ గురించి ఆలోచించాల్సిందే.

7. వెనక సీట్లో కూర్చోండి

ఇది నేను చేయలేదు. నా బండి కొనే ముందు ముగ్గురిని అడిగాను, ముగ్గురూ మెచ్చుకున్నారు. కొన్నాక మొదటి దూర ప్రయాణంలో మా అమ్మ రెండు గంటలకోసారి బండి ఆపించింది. వెనక సీటు కింది భాగం పొట్టిగా ఉంది, తొడలకు ఆసరా లేదు. కిటికీ గట్టు ఎత్తుగా ఉండి బయటికి ఏమీ కనపడదు. నేను అడిగిన ముగ్గురూ డ్రైవర్ సీట్లో తప్ప ఎక్కడా కూర్చోని వాళ్లని అప్పుడు గుర్తొచ్చింది.

కాబట్టి ఓనర్‌ను నడపమనండి, మీరు వెనక కూర్చోండి. పావుగంట చాలదు, కనీసం 40 నిమిషాలు. గతుకుల రోడ్డు ఒకటి తగలాలి. ఇవి చూడండి:

మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయా? పొడుగు మనిషి తల పైకప్పుకు ఆనుతోందా, ముఖ్యంగా సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌లో? మధ్యలో కూర్చున్నవాళ్లకు మూడు చోట్ల పట్టే బెల్టు, హెడ్‌రెస్ట్ ఉన్నాయా? మధ్యాహ్నం ఎండలో ఏసీ గాలి వెనక్కి ఎంతసేపటికి చేరుతోంది? పెద్దవాళ్లు ఎక్కడానికి కాలు ఎంత ఎత్తాలి? డోర్ కింది గట్టు ఎత్తు టేపుతో కొలిచి రాయండి. ఇంకో బండితో పోల్చడానికి పనికొస్తుంది.

తర్వాత డిక్కీ తెరిచి మీ సూట్‌కేసులు పెట్టండి. లీటర్లలో చెప్పే అంకె నీళ్లు పోసుకోవడానికి పనికొస్తుందేమో గానీ, పెద్ద సూట్‌కేసు పడుకోబెడితే తలుపు పడుతుందా లేదా అన్నది చెప్పదు. స్టెప్నీ కూడా తీసి చూడండి. చాలా బండ్లలో అది మిగతా నాలుగు టైర్ల కన్నా చిన్నది. దాని మీద స్పీడ్ పరిమితి రాసి ఉంటుంది.

8. పాత బండిని కళ్లతో చదవండి

50,000 కిలోమీటర్లు దాటిన బండి దొరికితే ఓనర్ ఏం చెప్పాడన్నది పక్కన పెట్టి పది నిమిషాలు చుట్టూ తిరగండి. ముందు టైర్ల లోపలి అంచు ఎక్కువగా అరిగిందా? అలైన్‌మెంట్ నిలవడం లేదని, లేదా సస్పెన్షన్‌లో ఏదో వదులైందని అర్థం. డోర్ల కింది అంచులు, బానెట్ కీళ్ల దగ్గర తుప్పు. స్టీరింగ్, గేర్ నాబ్, సీటు అంచు చిరిగిన తీరు. డ్యాష్‌బోర్డు, డిక్కీ తలుపు నుంచి వచ్చే కటకట.

వీలైతే పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేయించండి. వేడి ఇంజన్ అన్నీ దాచేస్తుంది, చల్లటి ఇంజన్ చెప్పేస్తుంది.

9. ఫిర్యాదులను నాలుగు కుప్పలు చేయండి

ఇప్పుడు మీ నోటుబుక్కులో పది పదిహేను ఫిర్యాదులు ఉంటాయి. అన్నిటినీ ఒకే కాటాలో వేస్తే ఏ బండీ కొనలేరు. విడదీయండి.

మొదటిది, బండి స్వభావం. మూడు సిలిండర్ల ఇంజన్ సిగ్నల్ దగ్గర వణకడం, ఏఎంటీ గేరు మారేటప్పుడు తల ఊగడం, ఎత్తయిన బండి మలుపుల్లో కాస్త ఒరగడం. ఇవి రిపేరుతో పోవు. మీకు ఇబ్బందా కాదా అన్నదే ప్రశ్న.

రెండోది, లోపం. ఒకే పార్టు వేర్వేరు ఓనర్లకు పోవడం, స్క్రీన్ ఆగిపోవడం, కూలెంట్ తగ్గిపోవడం. ఇక్కడ సంవత్సరం చూడండి. తర్వాతి బ్యాచ్‌లో సరిచేసి ఉండొచ్చు. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఛాసిస్ నంబర్ కొడితే ఆ బండికి రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) ఉందో లేదో తెలుస్తుంది. ఓనర్‌తోనే చేయించండి, ఆయనకూ మేలు.

మూడోది, సర్వీస్ సెంటర్. పార్టు రావడానికి నెల పట్టింది, బంపర్ రంగు కలవలేదు. ఇది ఆ డీలర్ సంగతి. మీకు దగ్గరున్న సెంటర్ వేరైతే అక్కడివాళ్లను మళ్లీ అడగాల్సిందే.

నాలుగోది, ఓనర్ అలవాటు. క్లచ్ మీద కాలు పెట్టి నడిపేవాడికి 25,000 కిలోమీటర్లకే ప్లేటు పోతుంది. నెలల తరబడి టైర్లలో గాలి చూడనివాడికి మైలేజీ రాదు. గేజ్ తెచ్చుకోమన్నది ఇందుకే. బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూసి, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెతో పోల్చండి. బాగా తక్కువ ఉంటే ఆయన మైలేజీ ఫిర్యాదును కొట్టేయండి.

కొనాలా వద్దా అన్న నిర్ణయానికి మొదటి రెండు కుప్పలే చూడండి. ఏ డీలర్ దగ్గర కొనాలి అన్నదానికి మూడోది.

10. టెస్ట్ డ్రైవ్ అన్నిటికన్నా చివర

చాలామంది దీనితో మొదలుపెడతారు. కొత్త బండి వాసనకు మనసు పారేసుకుని, ఆ తర్వాత ఓనర్లను అడగడం అంటే, తీసుకున్న నిర్ణయానికి సాక్షులను వెతుక్కోవడమే.

ఓనర్లు చెప్పినవాటిలో స్వభావం కుప్పలో ఉన్నవన్నీ ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి. షోరూమ్ చుట్టూ తిప్పే రెండు కిలోమీటర్ల రౌండ్ ఒప్పుకోకండి. మీకు కావాల్సిన ఎత్తు, మీకు కావాల్సిన గతుకులు ఉన్న రోడ్డుకు తీసుకెళ్లండి. ఇంటివాళ్లు నలుగురిని ఎక్కించుకోండి, ఏసీ వేయండి, పాటలు ఆపేయండి. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించండి. కుడివైపు మలుపు తిరిగేటప్పుడు ముందు అద్దం పక్కనున్న లావాటి స్తంభం వెనక మనిషి కనిపిస్తున్నాడా చూడండి. ఇలాంటి బండ్లలో చాలామందికి ఇది కొన్నాక గానీ తెలియదు. వీలైతే రెండోసారి రాత్రి వెళ్లండి, హెడ్‌లైట్ల కోసం.

మీరు కొనబోయే ఇంజన్, గేర్‌బాక్సే ఇవ్వమని పట్టుబట్టండి. "టర్బో బండి లేదు సార్, మామూలుది నడపండి, రెండూ ఒకటే" అంటే ఆ రోజుకు తిరిగి వచ్చేయండి.

ఎక్కువగా జరిగే తప్పులు

నెల క్రితం కొన్నవాడి మాట ఎక్కువ నమ్మడం. ఆయన ఇంకా సీటు కవర్ల ఆనందంలో ఉంటాడు. మొదటి మూడు నెలల అనుభవం డెలివరీ గురించి, ఫిట్టింగ్ తప్పుల గురించి మాత్రమే పనికొస్తుంది.

ఒక్క భయంకరమైన కథకు బెదిరిపోవడం. ఏ బండికైనా ఒక కథ ఉంటుంది. ఒకటే కథ ఇద్దరు, ఒకరికొకరు తెలియనివాళ్లు చెబితే అప్పుడు ఆగండి.

ఒకే కథను నాలుగుసార్లు లెక్కపెట్టడం దీనికి తమ్ముడు. "మా ఫ్రెండ్‌కి ఇంజన్ సీజ్ అయిందట" అని నలుగురు అంటే, ఆ ఫ్రెండ్ ఒక్కడే కావచ్చు. 'అట' ఉన్న వాక్యాలు నోటుబుక్కులో రాయకండి.

ఫీచర్ల గురించే మాట్లాడుకుని రావడం. స్క్రీన్ ఎన్ని ఇంచులో బ్రోషర్ చెబుతుంది. ఎండలో ఆ స్క్రీన్ కనిపిస్తుందా అన్నదే ఓనర్ చెప్పగలిగింది.

రీసేల్ విలువ ఓనర్‌ను అడగడం. ఆయన ఆశపడే ధర చెబుతాడు. పాత కార్లు కొనేవాళ్ల దగ్గరికి ఆ బండితో వెళితే ఎంత ఇస్తామంటారో అదే రీసేల్.

మీ పని సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

నోటుబుక్కు తెరిచి ఈ నాలుగూ చూడండి.

ప్రతి పేజీలో కనీసం మూడు అంకెలున్నాయా? "బాగుంది", "పర్లేదు", "సూపర్" అన్న మాటలే ఎక్కువుంటే ఆ ఓనర్‌కు మళ్లీ ఫోన్ చేయండి.

మీరు ఇష్టపడ్డ బండిలో మీకు తెలిసిన లోపాలు రెండైనా రాయగలరా? రాయలేకపోతే మీరు అడగలేదు, కబుర్లు చెప్పుకుని వచ్చారు.

మీరు లెక్కగట్టిన మైలేజీకి, కిలోమీటరు ఖర్చుకు, మీ నెలవారీ దూరానికి సరిపోయేలా నెల బడ్జెట్ వేశారా? ఈఎంఐ పక్కన ఇది కూడా రాయండి. చాలామందికి ఇక్కడే ఒక వేరియంట్ కిందికి దిగాలనిపిస్తుంది, దిగండి.

వెనక సీట్లో కూర్చునేవాళ్లు ఒప్పుకున్నారా?

నాలుగింటికీ అవునని వస్తే బుకింగ్‌కు వెళ్లండి. రద్దు చేసుకుంటే డబ్బు ఎన్ని రోజుల్లో, ఎంత తిరిగి ఇస్తారో రసీదు మీదే రాయించుకోండి. ఇక మీకు సాయం చేసిన ఆ నలుగురి నంబర్లు తుడిచేయకండి. మొదటి సర్వీస్‌కు సలహాదారు పదమూడు లైన్ల అంచనా బిల్లు చేతిలో పెట్టినప్పుడు, ఏ లైను కొట్టేయాలో అడగడానికి వాళ్లే కావాలి.